ఆకాశం కోసం గనిలోకి దిగిన మా చిన్నమామ

పోయిన ఆదివారం పొద్దున మా తమ్ముడి కూతురు, వేమగల్‌లో ఫ్యాక్టరీ పనికి పోయే పిల్ల, వారానికొకసారి వచ్చినట్లే రాబర్ట్‌సన్‌పేటలోని నా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే ఫోను నా ముఖం ముందర పెట్టింది. అందులో ఒక రాకెట్టు నిప్పులు కక్కుతూ పైకి లేస్తోంది. ముందు రోజు వార్తల్లో నేను చూసిందే, అయినా మళ్ళీ చూసినాను.

"అత్తా, దీని కడుపులో పోయిన తీగల కట్టల్లో కొన్ని మా లైన్లో కట్టినవే" అన్నింది.

ఆకాశం వార్తలంటే నాకు ఎంత పిచ్చో నన్నెరిగిన వాళ్ళకు చెప్పనక్కర లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఊరిగాం బడిలో పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, పత్రికలో ఉపగ్రహం బొమ్మ పడితే చాలు, ఇంట్లో వాళ్ళు ఇంకా చదవకముందే కత్తిరించి దాచుకొని తిట్లు తిన్నదాన్ని. అట్లాంటి నాకు, మా ఇంటి పిల్ల వేళ్ళు వేసిన ముడి ఒకటి భూమి చుట్టూ తిరుగుతోందంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకున్నాను. తర్వాత, ముచ్చటకే, మెడలో వేలాడే కార్డును అందుకొని చదివినాను.

కార్డు మీద ఫ్యాక్టరీ పేరు లేదు. ఎవరో కాంట్రాక్టరు పేరు ఉంది, పిల్ల ఫోటో ఉంది, ఫోటో కింద 'హౌస్‌కీపింగ్' అని ఉంది. అంటే ఊడ్చి తుడిచే పని. ఇదేమిటమ్మా అని అడిగితే నవ్వేసింది. వాళ్ళ లైన్లో ఎనిమిది మంది ఆడపిల్లలూ అట్లే ఉన్నారంట, చేసే పని పేరు రాస్తే వేరే రూల్సు వస్తాయంట, ఊరికే పేరే గదా అంట. సరిగ్గా అప్పుడే టీవీలో కోట్లు తొడుక్కున్న నలుగురు పెద్దమనుషులు కూర్చొని, రేపు చంద్రుడి మీద గనులు తవ్వే సంగతి మాట్లాడుకుంటున్నారు. అక్కడ యంత్రాలే తవ్వుతాయట, మనిషి ఊపిరికి నష్టమే లేదట, అందులో ఒకాయన అయితే ఇన్నాళ్ళూ శాస్త్రం వల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదని కూడా అన్నాడు. నేను పోయి టీవీ కట్టేసినాను. పిల్ల నా వైపు బిత్తరపోయి చూసింది.

నా కోపం ఆ పిల్లకు అర్థం కాలేదు, కావడానికి వీలూ లేదు, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి దానికి చెప్పలేదు. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా మైన్స్ షిఫ్టు కూత విని గడియారం సరిచేసుకున్న మన ఊరి వాళ్ళు, చదివితే అర్థం చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

మా నాయన కోలారు బంగారు గనుల టైమాఫీసులో గుమాస్తా. ఏ షిఫ్టులో ఎవరు వచ్చినారు, ఎవరు కింద పని, ఎవరు పైన పని అన్నది పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసే ఉద్యోగం. గనులు తెల్లదొరల చేతుల్లోంచి సర్కారు చేతుల్లోకి వచ్చిన తర్వాత కూడా ఆ పుస్తకాలు అవే, ఆ బల్ల అదే, ఆ బల్ల వెనక ఇస్త్రీ చొక్కాతో మా నాయనా అట్లే. ఆయన అక్షరం ముత్యాల్లా ఉండేది. మా వీధిలో ఎవరికైనా అర్జీ కావాలంటే మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఊరిగాంలో మాకు కంపెనీ ఇచ్చిన చిన్న ఇల్లు ఉండేది, ముందర రెండు గులాబీ చెట్లు, వెనక రేకుల బాత్రూము, ఆ వెనక ఎంత ఊడ్చినా మళ్ళీ వచ్చి పడే, బంగారం తీసేసినాక పోసిన సయనైడ్ దిబ్బల దుమ్ము.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. మేము చిన్నమామ అనేవాళ్ళం. వాళ్ళ ఊళ్ళో రాగి చేను, కొంచెం మల్బరీ, పట్టుపురుగుల తట్టలు. ఏడో తరగతి దాకా చదివి, వానల్లేని రెండేళ్ళు వరసగా వస్తే, అక్కాబావల దగ్గరికి పని వెతుక్కుంటూ వచ్చినాడు. సన్నగా ఉండేవాడు, చేతులు మాత్రం భలే పనితనం ఉన్న చేతులు. పట్టుపురుగులను పెంచిన వాళ్ళకు ఒక ఓపిక వస్తుంది. ఆకు తింటున్న చప్పుడు మారినా, తట్టలో వేడి కొంచెం ఎక్కువైనా తెలుసుకుంటారు. ఆ ఓపికే ఆయనను ఎక్కడికో తీసుకుపోయింది.

ఆ రోజుల్లో బొంబాయి నుంచి కొందరు శాస్త్రవేత్తలు వచ్చి మన గనిలో, ఒకటిన్నర మైలు లోతులో, ఒక సొరంగం అడిగి తీసుకొని ప్రయోగం పెట్టినారు. మన ఊళ్ళోనే చాలామందికి ఇప్పుడు ఆ సంగతి గుర్తు లేదు. బంగారం కోసం తవ్విన గొయ్యిలో వాళ్ళు ఆకాశాన్ని వెతకడానికి వచ్చినారు. వాళ్ళకు ఒక మనిషి కావాల్సి వచ్చినాడు. అంకెలు చదవగలిగినవాడు, చీకటికి భయపడనివాడు, గంటలకొద్దీ ఒక్కచోట కూర్చోగలిగినవాడు. మా నాయన తన బావమరిది పేరు చెప్పినాడు, ఆఫీసరు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుంటూ ఒక మాట అన్నాడట. ఇతను రాళ్ళు తవ్వేవాడు కాదు, శాస్త్రవేత్తల వెంట పోయి వస్తాడు, రెండు మూడు నెలల పని, కింద పనివాళ్ళ పుస్తకంలో ఇప్పుడు కొత్త పేరు ఎక్కిస్తే పై నుంచి నూటొక్క ప్రశ్నలు వస్తాయి, కాబట్టి 'సర్ఫేస్' అని రాసేయమన్నాడు. సర్ఫేస్ అంటే భూమి పైన పని. మా నాయన తన ముత్యాల అక్షరాలతో అట్లే రాసినాడు. కిందికి దిగే ప్రతివాడూ లాంపు రూములో నంబరు బిళ్ళ ఇచ్చి లాంపు తీసుకోవాలి, ఆ బిళ్ళల లెక్క ఉంటుంది. చిన్నమామ శాస్త్రవేత్తల జట్టుతో పాటు వాళ్ళ పాసు మీద దిగేవాడు గనుక ఆయనకు బిళ్ళ కూడా లేదు. రెండు మూడు నెలల పని పద్దెనిమిది ఏళ్ళు నడిచింది. పుస్తకాలు నిండి కొత్త పుస్తకాలు వచ్చినాయి, ప్రతి కొత్త పుస్తకంలోనూ పాత పుస్తకం చూసి ఎక్కించినట్లే ఆయన పేరు ఎదురుగా సర్ఫేస్ అనే పడింది.

ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా ఆదివారం వస్తే చిన్నమామ తల దువ్వుకొని, అరచేతిలో వేరుశెనగలు పట్టుకొని మా ఇంటికి వస్తాడని, గులాబీ చెట్ల దగ్గర మెట్ల మీద కూర్చొని నాకు ఆకాశం గురించి చెబుతాడని. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆకాశం చూడాలంటే మేడెక్కాలి గానీ గనిలోకి దిగడమేమిటి మామా అని అడిగినాను.

"ఆకాశం నుంచి ఎప్పుడూ కిరణాల వాన కురస్తానే ఉండాది పాపా, మన మీద పడతా ఉండాది, మనకు తెలీదు. ఆ వానలో నిలబడి ఒక్క చినుకు చప్పుడు వినాలంటే అవుతుందా? అందుకే ఇంత మందం రాయి కప్పుకొని కూర్చున్నాము. ఆ వానంతా రాయి ఆపేస్తాది. రాయి గూడా ఆపలేనిది ఒకటి ఉండాది, దానికోసరం కాచుకోనుండాము" అన్నాడు.

నేను తర్వాత కాలేజీలో చదివినాను, బడిలో చెప్పినాను, ఎన్నో పుస్తకాలు తిరగేసినాను. అంతకన్నా బాగా ఆ సంగతి చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

ఆ సొరంగంలో గాజు గొట్టాలు వరసలు వరసలుగా పేర్చి ఉండేవట. రాయిని దాటి వచ్చిన కణం ఏదైనా వాటి గుండా పోతే, పోయిన దారిలోని గొట్టాలు మాత్రం లిప్తపాటు వెలుగుతాయి, ఆ వెలుగు ఫిల్ము మీద ఒక గీతలా పడుతుంది. పక్క నుంచి వచ్చిన గీత కావాలి, కింద నుంచి వచ్చిందైతే ఇంకా మంచిది, పై నుంచి వచ్చిందైతే రాయిని తప్పించుకొచ్చిన మామూలు వాన చినుకే. నెలల తరబడి ఏమీ రాదు. ఒళ్ళంతా చెమట కారిపోయే ఆ వేడిలో కూర్చొని, గంట గంటకూ వేడి ఎంత, కరెంటు ఎంత, గొట్టాల్లో గాలి ఎంత అని నోటుబుక్కులో రాయడం చిన్నమామ పని. ఆయన అంకెలు మా నాయన అంకెలంత అందంగా ఉండేవి కావు, కానీ ఒక్కటీ కొట్టివేత లేకుండా ఉండేవట. బొంబాయి నుంచి వచ్చిన వాళ్ళలో ఒక యువ శాస్త్రవేత్త, తర్వాత తల నెరిసేదాకా వస్తూ పోతూ ఉన్నవాడు, తన చేతి రాత కన్నా ఆ అంకెలనే నమ్మేవాడట.

ఒక రోజు, నేను బడి నుంచి వచ్చేసరికి, ఆదివారం కాకపోయినా చిన్నమామ మా మెట్ల మీద ఉన్నాడు. ముఖం కడుక్కోలేదు, తలలో దుమ్ము అట్లే ఉంది. అమ్మ అన్నం పెడతానంటే వద్దన్నాడట. నన్ను చూసి లేచి నిలబడినాడు.

"వచ్చింది పాపా. నేనుండగానే వచ్చింది" అన్నాడు.

అంతే అన్నాడు. ఫిల్ము మీద పక్క నుంచి గీత పడిందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆయన ముఖం ఎట్లుండిందో నేను ఎవరికీ చెప్పి ఒప్పించలేను. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన సంగతి మేమిద్దరం కలిసి పక్కింటి రేడియోలో విన్నాము, అప్పుడు కూడా ఆయనకు అంత సంతోషం లేదు. వాళ్ళు పోయినారు, మన దగ్గరికి అదే వచ్చింది, అన్నాడు ఒకసారి నాతో.

నాలో ఈ పిచ్చికి విత్తనం వేసింది ఆయనే. బీయెస్సీ చదువుతానంటే మా నాయన వద్దన్నాడు, చిన్నమామ పట్టుబట్టి నన్ను బెంగుళూరు రైలెక్కించినాడు. నేను చదువుకొని వచ్చి ఊరిగాం బడిలో చేరిన ఏడు, గనిలో పాత ప్రయోగం పోయి ఇంకా పెద్దది, ఇనుప గొట్టాలది, మొదలైంది. ఆ గొట్టాలు ఒక్కొక్కటీ కిందికి దింపి, సొరంగంలో మోసుకుపోయి పేర్చిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరమూ గమనించలేదు. గనుల ఊళ్ళో దగ్గు ఎవరు గమనిస్తారు? గనిలోకి దించే ఇనుప కేజి దిగిన తర్వాత ఆ సొరంగానికి పోవాలంటే డ్రిల్లింగు జరిగే దారి పక్కనే చాలాదూరం నడవాలి. ఏర్ బ్లాస్ట్ వచ్చినప్పుడల్లా, అంటే లోపల రాయి తనంతట తాను పగిలి ఊరంతా ఇళ్ళల్లో గిన్నెలు కదిలినప్పుడల్లా, శాస్త్రవేత్తలను పైకి పంపించి, ఆ రాళ్ళూ ఆ పొడీ ఎత్తిపోసేవాళ్ళలో చిన్నమామ ముందుండేవాడు. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకొని పోయినానని చెప్పేవాడు. ఆ రాతి పొడి తడి తువ్వాలుకు ఆగుతుందా?

మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. తర్వాత మాట్లాడితే ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో క్షయ అన్నారు, మందులిచ్చినారు, ఏడాదిపాటు వాడినా తగ్గలేదు. నేనే కోలారుకు పిలుచుకుపోయి అక్కడ ఒక డాక్టరమ్మకు చూపించినాను. ఆమె ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ఈయన రాళ్ళ పని చేస్తాడా అని అడిగింది. కాదు, భూమి పైన పని అని మా ఆస్పత్రి కాగితంలో ఉంది కదా అని తనే అనుకొని, మళ్ళీ ఎక్స్‌రే చూసి, పైన పని చేసేవాడికి ఊపిరితిత్తుల్లో ఇంత రాయి ఎట్లా వస్తుందమ్మా అన్నది.

రాతి దుమ్ము జబ్బు అని తేల్చడానికి ముగ్గురు కూర్చునే బోర్డు ఒకటి ఉండేది. వాళ్ళు తేలిస్తే ఆ మనిషిని తేలిక పనికి మారుస్తారు, వైద్యం వేరేగా ఉంటుంది, కంపెనీ ఇంటి నుంచి ఖాళీ చేయించరు. తేల్చాలంటే ముందు ఆ మనిషి కింద పని చేసినట్లు పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకం సంగతి నాకు అప్పుడు తెలిసింది. రాసిందెవరో కూడా అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం మా నాయన గులాబీ చెట్లకు నీళ్ళు పోస్తున్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడి, రేపు బోర్డు ముందరికి వచ్చి 'నేను రాసింది తప్పు' అని ఒక్క మాట చెప్పు నాయనా అని అడిగినాను. ఆయన చెంబు కింద పెట్టలేదు.

"నేను రాసింది నా రాత కాదమ్మా. చెప్పినోళ్ళ రాత" అన్నాడు.

"చెయ్యి నీదే గదా నాయనా?"

"చెప్పినాయన రిటైరై పోయినాడు. ఇంగ మిగిలింది నేనే. నాకు ఇంకొక్క ఏడాది ఉండాది. ఇన్నేళ్ళు తప్పు రాసినానని నేనే పోయి చెబితే, నా పుస్తకాలన్నీ తిరగేస్తారు. వాడొక్కడే అనుకున్నావా అట్లా రాయించింది?"

ఇంకా ఎంతమంది అని అడగాలి, అడగలేదు. అమ్మ గడపలో నిలబడి విన్నది. అటు తమ్ముడు, ఇటు మొగుడు. లోపలికి పోయి పొయ్యి రాజేసుకున్నది.

మరునాడు బోర్డు ముందరికి నేనూ చిన్నమామా పోయినాము. తల నెరిసిన ఆ శాస్త్రవేత్త తాను రాలేకపోయినా ఉత్తరం రాసి పంపినాడు, ఇన్నేళ్ళ నోటుబుక్కుల్లో కొన్ని కూడా మా చేతికి అందేట్లు చేసినాడు. వాటి నిండా చిన్నమామ అంకెలు. బల్ల అవతల కూర్చున్న ముగ్గురిలో నడిమాయన చెడ్డవాడని నేను చెప్పను, పుస్తకాలన్నీ ఓపికగా తిరగేసినాడు. తిరగేసి, ఇవి కింద కూర్చొని రాసినవని ఎట్లా నమ్మాలి, ఎవరో కింద చూసి వచ్చి చెబితే పైన కూర్చొని రాసి ఉండొచ్చు కదా అన్నాడు. బొంబాయి వాళ్ళ ఉత్తరం కంపెనీ రికార్డు కాదు, లాంపు రూములో నీ బిళ్ళ లేదు, టైమాఫీసు పుస్తకంలో సర్ఫేస్ అని ఉంది అన్నాడు. తర్వాత ఒక దారి కూడా చూపించినాడు. ఆ పుస్తకం రాసిన గుమాస్తా ఎవరో చెప్పండి, పిలిపిస్తాను, పొరపాటున రాసినానని అతను ఒప్పుకుంటే మేము పుస్తకాన్ని పక్కన పెట్టవచ్చు అన్నాడు.

టైమాఫీసు అక్కడికి పిలుపు దూరం. కిటికీలోంచి దాని రేకుల కప్పు కనిపిస్తోంది.

"నీ పేరు ఎవరు రాసినారో తెలుసా?" అని చిన్నమామను అడిగినాడు.

చిన్నమామ కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "తెలీదు సార్" అన్నాడు.

అప్పుడాయన నా వైపు తిరిగినాడు. నువ్వు ఎవరమ్మా అంటే అక్క కూతురినని చెప్పినాను. చదువుకున్నదానిలా ఉన్నావు, నీకేమైనా తెలుసా అని అడిగినాడు. చిన్నమామ నా వైపు చూసినాడు. బతిమాలుతున్నట్లు చూసినాడా, ఆజ్ఞ వేస్తున్నట్లు చూసినాడా, ఈ రోజుకూ నేను తేల్చుకోలేను. నేను తల అడ్డంగా ఊపినాను. నోటితో అబద్ధమాడలేదని చాలాకాలం నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

కాగితం మీద క్షయ అనే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నాలుగడుగులకొకసారి ఆగుతూ నడిచినాము. దారిలో ఒక మోరీ గట్టు మీద కూర్చున్నాడు.

"బావ పేరు ఎత్తకపోతివి, మంచి పని చేసినావు పాపా. యాడో రాగి చేనులో ఉండేవాణ్ణి పిలిచి పని ఇప్పించినాడు. నా ఊపిరి ఎట్లాగూ పోయింది. ఆయన మర్యాద గూడా ఎందుకు పోవాల?" అన్నాడు.

నాకు ఆయన మీద వచ్చినంత కోపం ఆ ముగ్గురి మీద కూడా రాలేదు. ఆ మంచితనం మీద, ఆ కృతజ్ఞత మీద మండిపడినాను. గట్టిగా ఏమైనా అంటే ఆయాసం ఎక్కువవుతుందని పళ్ళు బిగబట్టుకొని పక్కన కూర్చున్నాను. మనల్ని పాతాళానికి దింపిన వాళ్ళు, మన చేతనే 'మా మంచి కోరే దింపినారు' అనిపించగలరు. ఆ విద్య ముందు ఏ రాకెట్టు విద్యా పనికిరాదు.

తర్వాత నెల ఆయన తన ఊరికి పోయినాడు. కింద పనికి పోలేడు, పైన పనిలో మోతకు పనికిరాడు. నేను ప్రతి ఆదివారం బస్సెక్కి పోయేదాన్ని. పట్టుపురుగుల తట్టలున్న కొట్టంలో మంచం వేయించుకున్నాడు, ఆ చప్పుడు వింటే నిద్ర పడుతుందని. నేను వారం పొడుగునా కత్తిరించి పెట్టుకున్న వార్తలు చదివి వినిపించేదాన్ని. ఏ దేశం వాళ్ళు ఎవరిని పైకి పంపించినారు, ఎన్నాళ్ళు ఉన్నారు, ఏం తిన్నారు, అన్నీ అడిగేవాడు. అంతరిక్షంలో ఉన్నవాళ్ళు ఊపిరి ఎట్లా తీస్తారు పాపా అని ఒకసారి అడిగినాడు. వాళ్ళకు కావాల్సిన గాలి కింద నుంచే కట్టి పంపుతారనీ, ఏ కొంచెం తేడా వచ్చినా కింద కూర్చున్నవాళ్ళు కనిపెడుతూనే ఉంటారనీ చెప్పినాను.

"మంచిది. చూసుకునేవాళ్ళు ఉండారన్నమాట" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే వాళ్ళ కోసం సంతోషపడినాడు. రాగి కోతల సమయంలో పోయినాడు. మా నాయన వచ్చినాడు, చితి దగ్గర అందరికన్నా వెనక నిలబడినాడు. ఏడాదికి మర్యాదగా రిటైరైనాడు, ఆఫీసులో పూలమాల వేసి శాలువా కప్పినారు. ఎనభై దాటేదాకా పొద్దున్నే నడకకు పోయేవాడు, ఒక్క రోజూ ఆయాసపడలేదు. అమ్మ ఆయనతో అవసరమైనంతవరకే మాట్లాడేది. నేను ఆయనకు వండిపెట్టినాను, కాళ్ళు పట్టినాను, చివరిదాకా చూసుకున్నాను. ఆ సాయంత్రం గురించి మాత్రం మళ్ళీ అడగలేదు. ఇంకా ఎంతమంది నాయనా అన్న ప్రశ్న నా నోట్లోనే ముసలిదైపోయింది.

తర్వాత శాస్త్రవేత్తలు సామాను విప్పుకొని పోయినారు. గనులు మూతపడినాయి. పంపులు ఆపేసినారు, కిందికి నీళ్ళు వచ్చి నిండినాయి. ఆకాశం కోసం కాచుకున్న ఆ సొరంగం ఇప్పుడు నీళ్ళలో ఉంది. షిఫ్టు కూత పోయి, తెల్లారేసరికి బెంగుళూరు పనులకు పోయే రైలుకు జనం పరిగెత్తే చప్పుడు మిగిలింది.

ఇదంతా తలచుకొని, సోమవారం పొద్దున నేను ఆ పిల్లతో పాటు వేమగల్‌కు పోయినాను. వద్దు అత్తా, నవ్వుతారు అన్నింది. నవ్వనీ అన్నాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారు, మన కోలారు పక్క అబ్బాయే, మర్యాదగానే కుర్చీ వేసినాడు. ఈ పిల్ల చేసేది ఒక పని, కార్డు మీద ఉండేది ఇంకో పని, ఎవరితో మాట్లాడాల అని అడిగినాను. మనుషుల విషయం ఫ్యాక్టరీది కాదమ్మా, కాంట్రాక్టరుది అన్నాడు. కాంట్రాక్టరు ఆఫీసు యాడుంది అంటే ఫోను తీసి చూపించినాడు.

"ఆఫీసు లేదమ్మా. యాప్ ఉండాది. దాంట్లో కంప్లైంటు పెట్టొచ్చు. పెట్టినోళ్ళను మళ్ళీ పనికి పిలవరు, అదే కష్టం" అన్నాడు గొంతు తగ్గించి.

పిల్ల నా కొంగు పట్టుకొని లాగింది. గేటు పక్కన గోడ మీద ఆ రాకెట్టు బొమ్మ పెద్దది అంటించి ఉంది, దాని కింద మన దేశానికి గర్వకారణం అని రాసి ఉంది. నాకు ఆ రాకెట్టు మీద కోపం లేదు. ఉండదు కూడా. ఇప్పటికీ అది లేస్తుంటే నా గుండె దానితో పాటు లేస్తుంది, నా మీద నాకే కోపం వచ్చేది అందుకే. ఆ రోజు పిల్ల షిఫ్టు మొదలయ్యేందుకు ఇంకా టైమున్నందున, రోడ్డు అవతల టీ అంగట్లో కూర్చోబెట్టి, చిన్నమామ సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చినాను. బోర్డు దగ్గరికి వచ్చి ఆగినాను. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట.

"ఆ సర్ఫేస్ అని రాసింది మీ తాతే" అన్నాను. బోర్డు అడిగినప్పుడు నేను తల అడ్డంగా ఊపిన సంగతీ చెప్పినాను.

పిల్లకు తాతంటే ప్రాణం. వాళ్ళ తాత చేతి రాత చూసి అక్షరాలు దిద్దుకున్న పిల్ల. టీ గ్లాసును తాగకుండానే బల్ల మీద పెట్టింది. తాతను ఏమైనా అంటుందనుకున్నాను. వెనకేసుకొస్తుందేమో అనుకున్నాను.

"నువ్వెందుకు చెప్పలేదు అత్తా?" అన్నింది.

చిన్నమామ చూపు సంగతి చెప్పవచ్చు, అమ్మ సంగతి చెప్పవచ్చు, కంపెనీ ఇల్లు సంగతి చెప్పవచ్చు. అవన్నీ నిజాలే, వాటిలో ఒక్కటి కూడా జవాబు కాదు. పిల్ల లేచి షిఫ్టుకు పోయింది. గేటులోపలికి పోయేముందు కార్డును తిప్పి, రాసిన వైపు గుండెకు ఆనేట్లు వేసుకొని పోయింది.

బస్సులో ఒంటరిగా తిరిగి వచ్చేటప్పుడు అనుకున్నాను. ఆ కాలాన్ని నేను ఎంత తిట్టుకున్నా, అప్పుడు ఒక బల్ల ఉండేది, బల్ల అవతల ముగ్గురు మనుషులు ఉండేవాళ్ళు, అందులో ఒకరు తల ఎత్తి మన కళ్ళల్లోకి చూసి, మీకేమైనా తెలుసా అని అడిగేవాళ్ళు. అడిగినప్పుడు మేము చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి గొంతు వచ్చింది, అడిగేవాళ్ళు లేరు. చంద్రుడి దాకా చూపు సాగింది మనకు, చాలా సంతోషం. నా ఈడు వాళ్ళలో ఇంకా ఎవరైనా ఇట్లా తల అడ్డంగా ఊపి వచ్చినవాళ్ళు ఉంటే, ఆ సంగతులు తెలిసిన ముసలి ప్రాణాలు ఇంకా మిగిలి ఉండగానే, మీ ఇంట్లో పిల్లలకైనా చెప్పండి.